మగవాళ్ళు కూడా తెలుసుకోవలసిన సంగతి



ఇది పదిమందిలో మాట్లాడే విషయమేనా అని మాలో కొందరు సందేహించారు. సిగ్గుపడి ఊరుకుంటే నష్టపోయేది మన ఇంటి ఆడవాళ్ళే గనుక మాట్లాడక తప్పదనుకున్నాము.

హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, లైంగిక సంబంధం వల్ల అంటుకుంటుంది. చాలామందికి రెండేళ్ళలోపు దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోతే, ముఖ్యంగా 16, 18 రకాలు, ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెస్తాయి. ఈ సంబంధాన్ని కనుగొన్న జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ గారికి 2008లో నోబెల్ బహుమతి లభించింది.

"ఆడవాళ్ళ జబ్బు గదా, మనకెందుకు?" అనకండి. దాన్ని మోసేది మనం కూడా. నొప్పి ఉండదు, మంట ఉండదు, తనకుందని మగవాడికే తెలియదు. మగవాళ్ళలో దీన్ని పట్టే మామూలు పరీక్ష కూడా లేదు. కొందరికి పులిపిర్లు వస్తాయి. అరుదుగా పురుషాంగానికి, మలద్వారానికి, గొంతుకు క్యాన్సర్ రావచ్చు. ఖత్నా వల్ల ప్రమాదం కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది, కానీ పూర్తి రక్షణ లేదు. నిరోధ్ సంగతీ అంతే. ఇంకొక మాట. ఈ వైరస్ ఏళ్ళ తరబడి ఒంట్లో దాగి ఉండగలదు. భార్యకు పరీక్షలో కనబడితే ఆమెను అనుమానించడం అన్యాయం.

ఇక మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలో జరిగినది. 2009 జూలైలో పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టాయి. సుమారు 14 వేలమందికి వేశారు. వారిలో హాస్టళ్ళలో చదివే గిరిజన పిల్లలు ఎందరో ఉన్నారు. చాలా ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010 ఏప్రిల్లో పని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

దీన్నుంచి మనం నేర్చుకోవలసింది టీకా అంటే పారిపొమ్మని కాదు. తెలియని తండ్రి పేరున ఇంకొకరు సంతకం పెడతారు, అంతే. వైరస్ సోకకముందే వేయిస్తే టీకా బాగా పనిచేస్తుంది. అందుకే 9 నుంచి 14 ఏళ్ళ వయసు మంచిదంటారు. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. పిల్లల సంగతి డాక్టరు గారిని అడగండి, కాగితం చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి, ఆపైనే సంతకం పెట్టండి. 30 దాటిన ఇల్లాలికి టీకా పడినా పడకపోయినా పరీక్ష చేయించండి. ఆమెతోపాటు ఆసుపత్రి దాకా మనం కూడా నడవాలి.