వంట ఒకటే, అవసరాలు వేరు

ఇంటిల్లిపాదికీ వంట ఒకటే అయినా, ఒంటికి కావలసింది వయసును బట్టి మారుతుంది.

పుట్టిన బిడ్డకు ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత పాలు మాన్పించకుండానే మెత్తటి పప్పన్నం, గుడ్డు, పండ్లు అలవాటు చేయాలి.

ఆడపిల్లలకు రజస్వల అయ్యాక ఇనుము అవసరం పెరుగుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం వయోజనుల్లో పురుషులకు రోజుకు 19 మిల్లీగ్రాములైతే, స్త్రీలకు 29. నెలసరిలో పోయే రక్తమే ఇందుకు ముఖ్య కారణం. తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఒంటబట్టేది తగ్గుతుంది.

అరవై దాటాక ఆకలి, శ్రమ తగ్గినా మాంసకృత్తుల అవసరం తగ్గదు. పెద్దవాళ్లకు చారన్నంతో సరిపెట్టకండి. పప్పో, పెరుగో, గుడ్డో పూటపూటా వడ్డించండి.