ఓడ ప్రయాణంలో గ్లూటెన్ లేని భోజనం

సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. కాస్త రొట్టెపొడి తగిలినా ముప్పే. అయినా క్రూయిజ్ ఓడ నిశ్చింతగా ఎక్కవచ్చు, ముందే చెప్పుకుంటే. టికెట్ కొన్నప్పుడే కంపెనీకి రాసి తెలియజేయండి. ఎక్కిన రోజే భోజనశాలలో హెడ్ వెయిటర్‌ని కలవండి. చాలా ఓడల్లో మర్నాటి మెనూ ముందురోజు రాత్రే చూపించి, మీకు సరిపడేవి విడిగా వండిస్తారు.

నా భయమంతా బఫే గురించే. పాస్తాలో పెట్టిన గరిటెనే ఎవరో తెచ్చి అన్నంలో పెడతారు. రొట్టెపొడి అద్దిన చేపను వేయించిన నూనెలోనే బంగాళాదుంపలూ వేయిస్తే, అవీ పనికిరావు. సోయా సాస్‌లోనూ సాధారణంగా గోధుమ ఉంటుంది.

ఇండియన్ కౌంటర్ కనబడగానే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. అక్కడా అడగండి. సాంబారులో వేసే ఇంగువ ఉందే, బజారులో దొరికేదానిలో చాలావరకు గోధుమపిండో మైదానో కలుపుతారు. ఇడ్లీ బియ్యపురవ్వదా, బొంబాయి రవ్వదా అన్నదీ తెలుసుకోవాలి.

రేవులో దిగి ఊరు చూడబోయే రోజు సీలు తీయని గ్లూటెన్ లేని బిస్కెట్ల ప్యాకెట్ వెంట ఉంచుకోండి. తాజా పళ్లు, వండిన పదార్థాలు చాలా రేవుల్లో దించనివ్వరు.