ఉప్పెన ఒడ్డున స్త్రీలు, యువజనులు
(శతజయంతి సభలో తీరప్రాంత స్త్రీల సమాజము, యువజన సమాజము తరఫున చేసిన ప్రసంగ పాఠము)

 

స్త్రీల సమాజమువారు, యువజన సమాజమువారు కలిసి ఒకే ప్రసంగము చేయుట ఏమిటని కొందరు అడిగినారు. సమాధానము కష్టమైనది కాదు. ఏ సభకైనా కుర్చీలు మోసేది యువకులు, వంట చేసేది స్త్రీలు. తీర్మానములు వ్రాసేది మాత్రము వేరొకరు. మారిపోతున్న వాతావరణమునుగూర్చి చేయు పనులలోనూ ఇదే జరుగుచున్నది. కనుక మేము కలిసి మాటలాడదలచాము.

మేము కృష్ణా డెల్టా చివరి గ్రామములవారము. మా ఇండ్లలో పెద్దలు వయస్సు చెప్పవలసి వచ్చినప్పుడు ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత అని లెక్క చెప్పుతారు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఆ ఉప్పెనలో సుమారు పదివేలమంది చనిపోయినారు. సొర్లగొంది వంటి గ్రామములలో ఏడ్చుటకు కూడ మనుషులు మిగలని ఇండ్లున్నవి. తాటిచెట్టును కరచుకొని తెల్లవారేవరకు బ్రతికినవారిని మాలో కొందరము ఎరుగుదుము. మా అమ్మమ్మ ఒకామె ఎప్పుడూ ఒక మాట అనేది: "చెట్టెక్కడం మా అన్నకు నేర్పారమ్మా, మాకు నేర్పలేదు."

ఆ మాటలో ఎంత సత్యమున్నదో తరువాతి లెక్కలు చూపినవి. 1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్ తీరమును తాకిన తుపానులో లక్షా ముప్పది వేలకు పైగా జనము చనిపోయినారు. వారిలో నడివయస్సు స్త్రీల మరణములు అదే వయస్సు పురుషుల మరణములకు నాలుగు రెట్లకు మించినవి. 2004 సునామీలో మన పొరుగు రాష్ట్రమైన తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన స్త్రీలు పురుషులకు దాదాపు మూడు రెట్లు. సముద్రమునకు ఆడ, మగ తేడా తెలియదు. ఈత నేర్పుటలోను, కబురు చెప్పుటలోను, ఇల్లు దాటుటకు అనుమతి ఇచ్చుటలోను ఆ తేడా పెట్టినవారము మనమే. పిల్లను చంకనెత్తుకొని, చీర కాళ్లకు చుట్టుకొని, భర్త వచ్చి చెప్పేవరకు ఎదురుచూచిన తల్లి నీళ్లను దాటలేదు.

అయితే నేర్చుకొంటే ఫలితముంటుందని కూడ మన తీరమే చూపినది. 1990 మే నెలలో దాదాపు అంతటి తుపానే మచిలీపట్నము వైపు వచ్చినది. ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందే తరలించుటచేత మరణములు వెయ్యికి లోపుననే ఆగినవి. గాలిని ఎవరూ ఆపలేదు. మనుషులు ముందుగా కదిలినారు, అంతే.

ఇక ముందు కాలము మరింత కఠినమైనది. బొగ్గు, చమురు కాల్చుటచేత భూమి వేడి నూరు, నూటయేబది యేండ్ల క్రిందటికంటె ఒక డిగ్రీకి మించి పెరిగినదని శాస్త్రజ్ఞులు నిర్ధారించినారు. వేడికి సముద్రజలము వ్యాకోచించుచున్నది, మంచు కరగుచున్నది, నీటిమట్టము పెరుగుచున్నది. మరొక ప్రక్క ఎగువ ఆనకట్టలలో ఒండ్రు నిలిచిపోవుటచేత డెల్టాకు మన్ను అందుట తగ్గినది. మా చేతిపంపులలో ఉప్పునీరు దిగినది. మంచినీటి బిందె కోసము ఇదివరకు వీధి చివరకు పోయే ఆడపిల్ల ఇప్పుడు ప్రక్క ఊరికి పోవుచున్నది. ఆ పోయివచ్చే గంట ఆమె బడిగంటలోనుండి తగ్గుచున్నది. వాతావరణ మార్పు అనగా మా ఇంటిలో ముందు కనబడే రూపము ఇదే.

మేము చేసిన తప్పు కూడ చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట యువజనులము చెట్లునాటే పండుగ చేశాము. రెండువందల మొక్కలు నాటి ఫోటోలు తీసుకొన్నాము. వేసవి నాటికి పదునాలుగు మిగిలినవి. నీళ్లు ఎవరు పోస్తారని నాటేరోజున ఎవరమూ అడుగలేదు. ఊరిలో నీళ్లు మోసేది స్త్రీలు. వారిని మేము పిలువనే లేదు. తరువాత వారితో కూర్చుంటే వారే దారి చూపినారు. "నీళ్లు పోయనక్కరలేని చెట్టును నాటండి, మడచెట్టును సముద్రమే పెంచుతుంది" అన్నారు. ఏ కాలువ గట్టున మడ మొలుచునో, ఎక్కడ ఆటుపోటు నీరు అందదో పీతలు పట్టే స్త్రీలకు తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. చవుడుబారిన చోటికి చేపముల్లు ఆకారములో చిన్నకాలువలు త్రవ్వి పోటునీరు పారించితే మడ తిరిగి లేచునని కృష్ణా, గోదావరి ముఖద్వారములలో ఇదివరకే చేసి చూపినారు. ఆ పద్ధతినే మేమును మొదలుపెట్టాము. ఈసారి ఎక్కువ మొక్కలు బ్రతికినవి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. ముందురాత్రి మేము ఇల్లిల్లు తిరిగి తుపాను షెల్టరుకు రమ్మని పిలిచాము. పురుషులు వచ్చినారు, పిల్లలు వచ్చినారు. ఈడు వచ్చిన ఆడపిల్లలు, బాలింతలు రాలేదు. మొండితనమని మా యువకులు విసుగుకొన్నారు. మాలో ఒక అక్క మాత్రము కారణమడిగినది. షెల్టరులో మరుగుదొడ్డికి తలుపు లేదు, దీపము లేదు. వచ్చిన స్త్రీలు కూడ ఆ రాత్రి నీళ్లు త్రాగకుండ కూర్చున్నారు. ఒక తలుపు, ఒక దీపము లేనందున ప్రాణభయము కంటె సిగ్గు పెద్దదైనది. ఆ భవనమును కట్టునప్పుడు ఒక్క స్త్రీనైనను అడిగియుంటే ఇది జరిగెడిదా? ఇప్పుడు చందాలు వేసుకొని తలుపు పెట్టించాము.

స్త్రీలకు బాధ్యత ఇచ్చినచోట ఏమి జరుగునో చూడండి. జహీరాబాదు ప్రాంతములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని పేద దళిత స్త్రీలు వర్షాధార భూములలో జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి పండించుచు, విత్తనములను తామే దాచి ఇచ్చిపుచ్చుకొంటున్నారు. 2008లో వారు తమ సంఘం రేడియోను కూడ స్థాపించుకొన్నారు. 2019లో వారికి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయము స్త్రీల పొదుపు సంఘముల భుజములమీదనే నడచుచున్నది. 2024లో గుల్బెంకియన్ బహుమానమును పంచుకొన్నవారిలో అదొకటి. బంగ్లాదేశ్‌లో తుపాను హెచ్చరిక చాటే వేలకొలది స్వచ్ఛంద సేవకులలో ఇప్పుడు సగము మంది స్త్రీలే.

పొలములో కలుపుతీసి, నాటువేసి, కోతకోసేది స్త్రీ. కాని 2015–16 వ్యవసాయ గణన ప్రకారము దేశములో స్త్రీల పేరనున్న కమతములు నూటికి సుమారు 14 మాత్రమే. పట్టా లేనివారికి పంటనష్టమునకు సాయము సులభముగా అందదు, బ్యాంకు అప్పు పుట్టదు, గట్టున ఏ చెట్టు పెట్టవలెనో నిర్ణయించే హక్కు ఉండదు. ఇక్కడ మన ఇండ్లనుగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. వీలునామా లేనప్పుడు తండ్రి ఆస్తిలో కుమారునికి, కుమార్తెకు సమానభాగమని 1925 నాటి భారత వారసత్వ చట్టము క్రైస్తవులకు ఎప్పుడో చెప్పినది. ఈ నూరేండ్లలో మన సంఘములలో ఎందరు కుమార్తెలకు ఆ భాగము అందినది? సెలోపెహాదు అయిదుగురు కుమార్తెలు మోషే యెదుట నిలిచి భాగము అడిగినారని మనము ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పుతాము. అడిగిన మన పిల్లను మాత్రము అత్యాశాపరురాలంటాము.

మేము పెద్దలను మూడు విషయములు కోరుచున్నాము. మొదటిది, తుపాను సహాయ సంఘములలో సగము మంది స్త్రీలు, కనీసము ఇద్దరు యువజనులు ఉండవలెను. మోయుటకు కాదు, ఓటు వేయుటకు. రెండవది, ప్రతి తీరగ్రామములో ఆడపిల్లలకు ఈత నేర్పించవలెను. గర్భిణీల, వృద్ధుల, వికలాంగుల పేర్ల పట్టీ తుపాను కాలమునకు ముందే వ్రాసి యుంచవలెను. మూడవది, ఈ సంవత్సరము ఇండ్ల, పొలముల కాగితములు మార్చుకొను ప్రతి కుటుంబము భార్య పేరును, కుమార్తె పేరును మరువకుండ వ్రాయించవలెను.

మా తరఫున మేమును మాట ఇచ్చుచున్నాము. మడమొక్కలను నాటుటతో సరిపెట్టక మూడేండ్లు కాపాడుతాము. హెచ్చరిక వచ్చిన రాత్రి ప్రతి గడపకు పోయి, పురుషునితోనే కాక ఇంటి ఇల్లాలితో కూడ చెప్పుతాము. మంచినీటి బిందె మోయుటలో మా యువకులు వంతు తీసుకొంటారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

రెండవ నూరేండ్ల పండుగనాటికి మేమెవ్వరము ఉండము. ఆ నాటికి ఆ ఊళ్లు ఉండవలెను. ఏ అమ్మమ్మయు తన మనుమరాలితో "మాకు నేర్పలేదు" అని చెప్పుకొనే అవసరము రాకూడదు.