మనవల ఏకాగ్రత - మన వంతు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, వైద్య బిల్లుల గురించి మిత్రులు మాట్లాడారు. ప్రాథమిక పాఠశాలలో పనిచేసినవాడిని గనుక నన్ను మనవల గురించి మాట్లాడమన్నారు. "మావాడు ఒకచోట కుదురుగా కూర్చోడండీ మాష్టారూ" అన్న మాట రాజమండ్రిలోనూ వింటాను, రావులపాలెంలోనూ వింటాను. ఇది పిల్లవాడి స్వభావమా, పెంపకమా? రెండూ అని నా మనవి.

1956లో న్యూయార్కులో థామస్, చెస్ అనే వైద్య దంపతులు పసిపిల్లల స్వభావాన్ని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టారు. వారు గుర్తించిన తొమ్మిది లక్షణాలలో చురుకుదనం, దృష్టి చెదరడం, పట్టిన పనిలో నిలవడం ఉన్నాయి. అయితే స్వభావానికీ ఇంటి తీరుకూ పొందిక కుదిరితేనే పిల్లవాడు రాణిస్తాడని వారన్నారు.

ఇక ఇంటి సంగతి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించిన, 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను, చదువును పరిశీలించింది. వారిలో పశ్చిమ గోదావరి పిల్లలూ ఉన్నారు. కలిగిన ఇళ్ళలో, చదువుకున్న తల్లుల వద్ద పెరిగినవారు సగటున ముందున్నారు. పేదింటి బిడ్డకు తెలివి తక్కువని దీనర్థం కాదు. ఆకలి, ఇరుకు గది, అప్పులవాళ్ళ కేకల మధ్య ఏ మనసు నిలుస్తుంది? తల్లి గల్ఫుకు వెళ్ళగా అమ్మమ్మ వద్ద పెరిగే పిల్లలు కోనసీమలో ఎందరో!

నా తరగతిలో ఒక కుర్రాడు పలక ముందు ఐదు నిమిషాలు కూర్చునేవాడు కాదు. కాలువగట్టున గాలం పట్టుకుంటే మాత్రం గంటసేపు కదిలేవాడు కాదు. ఏకాగ్రత వాడికి ఉంది, పలకమీదికి రాలేదంతే. చేపల లెక్కలు చెప్పాక కూడికలు వచ్చాయి.

మనవద్ద డబ్బు లేకున్నా తీరిక ఉంది. చురుకైనవాడిని ముందు పెరట్లో పరుగెత్తనిచ్చి, తరువాత పది నిమిషాలు కూర్చోబెట్టండి. బిడియస్థుణ్ణి తొందరపెట్టకండి. చింతపిక్కలతో వామనగుంటలు ఆడించండి. లెక్కతోపాటు తన వంతు వచ్చేదాకా ఆగడమూ అలవడుతుంది. కథ మధ్యలో ఆపి "తరువాత ఏమైందో చెప్పు" అనండి. అన్నం తింటాడని సెల్‌ఫోను ఇవ్వకండి. రెండేళ్ళలోపు వారికి తెర వద్దనీ, నాలుగేళ్ళదాకా రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పిలిచినా పలకకపోతే తిట్టేముందు చెవి, కన్ను పరీక్ష చేయించండి.

అన్నిటికీ మించి, పక్కింటి పిల్లవాడితో పోల్చి "మొద్దు" అనవద్దు. ఆ మాట పసివాడు నమ్మేస్తాడు.