రంగు పోతే చాలదు



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది సూక్ష్మజీవశాస్త్రం, పర్యావరణ ఇంజనీరింగ్ చదివినవారు. అందుకే నేరుగా తిరుప్పూరు సంగతికొస్తాను. బనియన్లకు పేరుపడ్డ ఆ ఊళ్లో బట్టలకు రంగులద్దిన నీళ్లు ఏళ్ల తరబడి నొయ్యల్ నదిలో కలిశాయి. సాగునీటి కోసం కట్టిన ఒరత్తుపాళయం జలాశయంలో ఆ మురుగే నిలిచింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. చుక్క నీరు బయటికి పోకుండా శుద్ధి చేసే యంత్రాలు ఇప్పుడున్నాయి. కానీ అవి కరెంటు బాగా తాగుతాయి, చివరికి ఉప్పూ బురదా మిగులుస్తాయి.

ఇక్కడే శిలీంధ్రాలు గుర్తొస్తాయి. అడవిలో పడిన మానును తెల్లగా కుళ్లబెట్టే జాతులు చెక్కలోని లిగ్నిన్‌ను విడగొడతాయి. లిగ్నిన్‌కు ఒకే తీరు నిర్మాణం లేదు. అందుకే వాటి లాకేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములు అణువులను పెద్దగా ఎంచి చూడవు, బట్టలకద్దే అజో రంగుల మీదా పనిచేస్తాయి. అలాంటి జాతే అయిన ఫానెరోకీట్ క్రైసోస్పోరియం రంగులను పోగొట్టగలదని పరిశోధకులు గ్లెన్, గోల్డ్ 1983లోనే చూపారు.

మరి నలభై ఏళ్లు దాటినా ఈ పద్ధతి ఫ్యాక్టరీల్లో ఎందుకు వేళ్లూనుకోలేదు? ప్రయోగశాలలో తరచూ ఒక్క రంగు, శుభ్రమైన ఫ్లాస్కు, కాస్త పులుపు నీరు. అసలు మురుగు అలా ఉండదు. వేడిగా, ఉప్పుగా, క్షారంగా, పది రసాయనాల కలగలుపుగా వస్తుంది. అందులో బాక్టీరియా చొరబడి శిలీంధ్రాన్ని అణిచేస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రంగు పోయినంత మాత్రాన నీరు బాగుపడినట్టు కాదు. ఒక్కోసారి శిలీంధ్రం రంగును విడగొట్టదు, ఒంట్లోకి పీల్చుకుంటుందంతే. అప్పుడు రంగు పట్టిన ఆ శిలీంధ్రపు ముద్దనెక్కడ పారేస్తాం? అజో బంధం తెగితే కొన్ని రంగుల నుంచి క్యాన్సర్ కారక అమైన్లు పుట్టవచ్చు. తేటగా కనిపించే ఆ నీళ్లలో విత్తనం మొలుస్తుందా, నీటిపురుగు బతుకుతుందా అని చూడని పరిశోధనను నేను సగం పనిగానే లెక్కిస్తాను.

మన చేనేత ఊళ్లలో చిన్న తొట్లలో రంగులద్దే కుటుంబాలు కోట్ల రూపాయల యంత్రాలు కొనలేవు. వాళ్ల దగ్గరికి వెళ్లండి. వాళ్ల తొట్టిలోని నీళ్లే తెచ్చుకోండి, వాటిలో బతికే శిలీంధ్రాన్ని వెతకండి. వచ్చిన ఫలితం బాగున్నా బాగోలేకపోయినా మొదట వాళ్లకే చెప్పండి.