గాలిలో ఏముందో డాక్టరుకు ఎవరు చెప్పాలి?

ఈ వైజ్ఞానిక రచయితల సదస్సుకు అధ్యక్షుణ్ణి కాబట్టి తెలుగులో సైన్సు రచనల పుట్టుపూర్వోత్తరాలు ఏకరువు పెడతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. విశాఖలో సభ పెట్టుకుని ఆ పని చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఆర్.ఆర్. వెంకటాపురం ఈ ఊరి అంచునే ఉంది.

2020 మే 7, తెల్లవారుజాము. లాక్‌డౌన్‌తో అక్కడి ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది గానీ, ట్యాంకులో స్టైరీన్ అనే రసాయనం అలాగే ఉంది. దాన్ని ఊరికే నిలవ ఉంచకూడదు. చల్లగా ఉంచాలి, తనంతట తాను గడ్డకట్టకుండా టీబీసీ అనే నిరోధకం కలుపుతూ ఉండాలి. ఆ రెండూ కుంటుపడితే లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య మరింత జోరందుకుంటుంది. చివరికి ఆవిరి ఊరి మీద పడింది. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. జనం ఘాటు వాసనకీ కళ్లమంటకీ లేచి పరిగెత్తారు. పరిగెత్తినవాళ్లు పరిగెత్తినట్టే రోడ్ల మీద కూలిపోయారు. 12 మంది చనిపోయారు. వందల మందిని కేజీహెచ్‌కీ ఇతర ఆస్పత్రులకూ చేర్చారు.

స్టైరీన్‌కి విరుగుడు మందు లేదు. బట్టలు విప్పించి, సబ్బునీళ్లతో ఒళ్లు కడిగి, కళ్లు కడిగి, ఆక్సిజన్ పెట్టి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందేమోనని గంటల తరబడి కనిపెట్టుకుని ఉండటమే చికిత్స. వినడానికి ఇంతే. ఇందులో మొదటి మెట్టు ఆస్పత్రిలో కాదు, వీధిలోనే ఎక్కాలి. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లకు పైగా బరువు. పల్లంలో పేరుకుంటుంది. గాలి వాలున పరిగెత్తేవాడి వెంటే వస్తుంది. గాలికి అడ్డంగా తప్పుకుని మెరక మీదికి వెళ్లాలన్న ఒక్క ముక్క ఆ ఊళ్లో ముందే ఎవరైనా చెప్పి ఉంటే, డాక్టర్ల దగ్గరికి చేరేవాళ్ల సంఖ్య తగ్గేది. పాలు తాగితే, బెల్లం తింటే విషవాయువు విరిగిపోతుందన్న ఉత్తమాట మాత్రం మన దగ్గర ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు!

తడిగుడ్డ సంగతీ అంతే. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమని ప్రతి గ్యాసుకీ ఒకే సలహా ఇచ్చేస్తాం. అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి తడిగుడ్డ కొంత కాపాడుతుంది. స్టైరీన్ నీటిలో దాదాపు కరగదు. దాని దగ్గర ఆ గుడ్డ ధైర్యానికే తప్ప ఊపిరికి పెద్దగా పనికిరాదు. అంటే సలహా ఇచ్చేవాడికి ముందుగా తెలియాల్సింది వదిలిన సరుకు పేరు.

ఆ పేరు తెలియకపోతే ఏమవుతుందో భోపాల్ డాక్టర్లని మించి ఎరిగినవాళ్లు లేరు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక, అక్కడి కర్మాగారం నుంచి విషవాయువు లీకై, హమీదియా ఆస్పత్రికి వేలకు వేలు వచ్చిపడ్డారు. ఇది దేనివల్ల, మందేమిటి అని ఆరా తీస్తే, కంపెనీ వైపు నుంచి వచ్చిన సమాధానం: కళ్లమంట తెప్పించే గ్యాసు, నీళ్లతో కడగండి. డాక్టర్లు కంటి చుక్కలు వేస్తూ, ఆక్సిజన్ పెడుతూ తెల్లవార్లూ నిలబడ్డారు. శవపరీక్షలు చేసిన డాక్టర్ హీరేష్ చంద్ర, రక్తం చెర్రీ ఎరుపులో ఉండటం చూసి సయనైడ్‌ని అనుమానించారు. అదే నిజమైతే సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ పనిచేయాలి. ఇవ్వాలా వద్దా అన్న తగువు వారాలు నడిచింది. మందు మీద జరగాల్సిన చర్చ నష్టపరిహారం నీడలో జరిగింది. సయనైడ్ అని ఒప్పుకుంటే కేసు బరువు మారుతుంది మరి. ఐసీఎంఆర్ పరీక్షలు చేయించి, థయోసల్ఫేట్ ఇవ్వవచ్చని చెప్పేసరికి 1985 వచ్చేసింది. దానివల్ల ఎంత మేలు జరిగి ఉండేదో ఇప్పటికీ వాదన తెగలేదు. నా కోపం మందు మీద కాదు. రోగి మంచం మీద ఉండగా సమాచారానికి తాళం వేసి కూర్చున్నవాళ్ల మీద.

దీనికి భిన్నమైన కథ టోక్యోది. 1995 మార్చి 20న అక్కడి సబ్‌వేలో సారిన్ అనే నరాల విషవాయువు వదిలినప్పుడు సెయింట్ లూక్స్ ఆస్పత్రికి ఆ ఒక్క రోజే 640 మంది వచ్చారు. చాలామంది అంబులెన్సుల్లో కాదు, కాలినడకన, టాక్సీల్లో. బట్టలు విప్పించకుండానే లోపలికి తీసుకున్నారు. బట్టల్లోంచి లేచిన ఆవిరికి సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు మందికి కళ్లు మసకబారడం లాంటి బాధలు మొదలయ్యాయి. అయితే ముందటి ఏడాది మత్సుమోతో నగరంలో సారిన్ బాధితులను చూసిన వైద్యులు ఉన్నారు. టీవీలో లక్షణాలు విని, ఇది సారిన్ కావచ్చని వాళ్లే ఫోన్లు చేశారు. తెలిసినవాడు నోరు విప్పితే ఎంత తేడానో చూడండి.

మన దగ్గర చట్టం లేక కాదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41బీ సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన సరుకు ఏమిటో, జాగ్రత్తలేమిటో కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలని ఆ సెక్షన్ శాసించింది. చెప్పడం అంటే ఏమిటి? ఇంగ్లీషులో పదహారు శీర్షికల భద్రతా పత్రం బీరువాలో ఉండటమా? పక్క ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మకి గానీ, 108 అంబులెన్సులో వచ్చే కుర్రాడికి గానీ అది అక్కరకొస్తుందా?

ఇక్కడ మన పని మొదలవుతుంది. కథలు, వ్యాసాలు, శతజయంతి సంచికలు రాశాం. ప్రమాదవేళ రెండు నిమిషాల్లో చదివి పాటించగల పేజీ ఇంతవరకూ ఒక్కటీ రాయలేదు. అది తేలికేం కాదు. మన కోస్తాలో రొయ్యల ప్లాంట్లనీ కోల్డ్ స్టోరేజీలనీ చల్లబరిచే అమ్మోనియానే తీసుకోండి. ఆవిరి తగిలితే బట్టలు వెంటనే విప్పాలి. ద్రవం నేరుగా మీద పడితే మాత్రం బట్ట గడ్డకట్టి చర్మానికి అతుక్కుపోతుంది, లాగితే తోలు ఊడుతుంది. నీళ్లు పోస్తూ విడదీయాలి. కంట్లో పడితే ఆస్పత్రికి పరిగెత్తే ముందే కనీసం పావుగంట ధారగా కడగాలి, ఎందుకంటే క్షారం యాసిడ్ కన్నా లోతుకి దిగుతుంది. ఇంత విషయాన్ని ‘తగు జాగ్రత్తలు తీసుకొనవలెను’ అని రాసి చేతులు దులుపుకోవడం మనకి బాగా అలవాటు.

మధ్యాహ్నం సమావేశంలో అమ్మోనియా, క్లోరిన్, స్టైరీన్ పేజీల ముసాయిదాలు చదువుతారు. రొయ్యల ప్లాంటులో పనిచేసే అక్కచెల్లెళ్లు కొందరు మన పిలుపు మన్నించి వచ్చారు, ముందు వరసలో కూర్చోమని కోరుతున్నాను. వాళ్లు అర్థం కాలేదన్న వాక్యం ఎంతటి పండితుడు రాసిందైనా అక్కడికక్కడే కొట్టేద్దాం. ఆ ముసాయిదాల్లో నేను రాసిన క్లోరిన్ పేజీ కూడా ఉంది.