ఆవనూనె - కంటిచూపు



ఒడిశా సరిహద్దులో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల కూరకు ఆవనూనె వాడతాం. ఆవాలు మంచివే. చిక్కంతా వాటిలో కలిసే మరో గింజతోనే. బంజర్లలో, చేలగట్ల మీద ముళ్ళ ఆకులతో, పసుపుపచ్చని పూలతో పెరిగే మొక్కను మీరు చూసే ఉంటారు. బలురక్కసి అని కొందరు, బ్రహ్మదండి అని కొందరు అంటారు. తుంచితే పసుపు పాలు కారతాయి. దాని నల్లని గింజలు చూపుకు ఆవాల్లాగే ఉంటాయి. గానుగలో రెండూ కలిసి పడితే నూనెలోకి సాంగ్వినరిన్ అనే విషం దిగుతుంది.

ఆ నూనె తిన్నవారికి రెండు కాళ్ళూ వాస్తాయి, ఆయాసం వస్తుంది. 1998లో ఢిల్లీలో సుమారు 3,000 మంది ఇలా జబ్బుపడ్డారు. 60 మందికి పైగా చనిపోయారు. కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, అంటే గ్లాకోమా, వస్తుంది. నొప్పి లేకుండానే చూపు తగ్గిపోవచ్చు. పోయిన చూపు మళ్ళీ రాదు.

అందుకని లూజు నూనె కొనకండి. సీలు, అగ్‌మార్క్ చూసి తీసుకోండి. సొంత ఆవాలు ఆడించుకునేవారు ఆ మొక్కను చేలోనే పీకేయండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి కాళ్ళు వాస్తే ఆ నూనె వెంటనే మానేసి, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. కంటి ఒత్తిడి కూడా చూడమని డాక్టరుగారిని అడగండి.